తెర మీది కొంగ

"ఆ టీవీ ఇంకో గంటలో ఈ ఇంట్లో ఉండకూడదు. అదుంటే నేనుండను" అన్నాడు సత్తియ్య.

"టీవీ కాదు నాన్నా, మానిటర్" అన్నాడు కొడుకు కృష్ణబాబు అలవాటు కొద్దీ.

"నీ పిండాకూడు! ఏదైతే ఏంట్రా నాకు?"

సత్తియ్య వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద, లుంగీ మీద చేప పొలుసులు. కాళ్ళు కడుక్కోమని భార్య గంగారత్నం బకెట్టుతో నీళ్ళు తెచ్చిపెట్టి పావుగంటయింది. ఆయన అటు చూడనేలేదు.

చెరువు దగ్గర చచ్చిన చేపని ఇంకా ఎత్తుతూనే ఉన్నారు. రెండు నెలల్లో పట్టుబడికి రావాల్సిన చేప. పొద్దున ఏడింటికి కబురు తెలిసి పరిగెత్తేసరికి శీలావతులూ బొచ్చెలూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి గట్టు పొడుగునా తేలిపోయి ఉన్నాయి. ముసురు పట్టిన రోజుల్లో చెరువులకి ఉండే గండమే ఇది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఆ గంటలో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేస్తే బతుకుతుంది, వెయ్యకపోతే చస్తుంది. ఇరవై రెండేళ్ళుగా సత్తియ్య ఒక్క తెల్లవారుజామూ ఏమరలేదు. ఇవాళ ఏమరాడు.

ఆ మాట తనని తాను అనుకోలేక, ముందుగదిలో కిటికీ పక్క బల్ల మీదున్న మానిటర్‌ని అంటున్నాడు. మానిటర్‌ని అంటే కోడల్ని అన్నట్టే. అది వెంకటదుర్గ తన మొదటి జీతంతో కొనుక్కున్నది.

"మావయ్యగారూ, ముందు లోపలికి రండి. కాస్త మజ్జిగ తాగండి" అంది దుర్గ.

"మజ్జిగ! నూట అరవయ్యో ఎంతో సార్లు బొమ్మ మారుద్దన్నావు కదమ్మా, సెకనుకి?"

"నూట అరవై అయిదండి."

"అన్నిసార్లు మారి నాకు చూపించింది ఏంటి? ఒక్క కొంగని! ఆ ఒక్క కొంగని చూపించి నా కొంప ముంచింది."

దుర్గ తలొంచుకుంది. చెరువు దగ్గర కెమెరా పెట్టించింది మావయ్యే. ఫోనులో బొమ్మ చిన్నగా ఉందని, కోడలి పెద్ద తెర మీద పెట్టించుకున్నదీ ఆయనే. కంప్యూటరు పెళ్ళికి ముందు కృష్ణబాబు ఆటలకని కొనుక్కున్నది, దానికి దుర్గ మానిటర్ తగిలిస్తే దాని మీదికి మావయ్య కెమెరా బొమ్మ ఎక్కింది. ఒక బల్ల దగ్గర ముగ్గురు పంచుకుంటే ఏమవుతుందో దుర్గ మొదటి రోజే అనుకుంది. కొత్త కోడలు అనుకున్నవన్నీ పైకి అనదు.

అది ఉద్యోగానికి కొనుక్కున్న తెర. హైదరాబాదులో ఒక కంప్యూటరు ఆటల కంపెనీ కొత్త ఆటల్ని బయటికి వదిలే ముందు దుర్గకి పంపుతుంది. బొమ్మ ఎక్కడ తడబడింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ చీలింది, పట్టుకుని రాసి పంపాలి. మామూలు తెర సెకనుకి అరవైసార్లు బొమ్మ మారుస్తుంది. ఆ అరవైలో దొరకని తప్పు నూట అరవై అయిదులో దొరుకుతుంది. మూణ్ణెల్ల ట్రయల్ నిన్నటితో పూర్తయింది. ఇవాళ పదకొండింటికి టీమ్ లీడర్ కిరణ్ కుమార్ లైన్లోకి వస్తాడు. ఆయన చూస్తుండగా గంటసేపు తప్పులు పట్టి చూపిస్తే ఉద్యోగం ఖాయం. చూపించలేకపోతే ఆ సీటుకి ఇంకో పదిమంది ఉన్నారు.

ఇప్పుడు టైము తొమ్మిదింబావు.

"పదకొండింటికి నాకు పరీక్షుందని మీకు తెలుసు కదండీ మావయ్యగారూ. అది అయిపోనివ్వండి. సాయంత్రం నేనే తీసి అటక మీద పెట్టేస్తాను."

"బొమ్మలు చూసి చెప్పడం కూడా ఒక ఉద్యోగం! ఇక్కడ శవాలు లేస్తున్నాయి తల్లీ నాకు. చేపలు కావవి, నా పిల్లలు."

"అమ్మాయినేం అనకండీ" అంది గంగారత్నం మెల్లగా. కంటికి ఎండ పడక నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. "దానికేం తెలుసండీ పాపం."

దుర్గకి ఆ ఒక్క మాటతో కళ్ళు తడయ్యాయి. ఈ ఇంట్లో అడుగుపెట్టి ఏడాదిన్నర. అత్తగారు ఒక్కనాడు పరాయిగా చూడలేదు. పుట్టింటికి వెళ్తే కూడా "మా అత్తయ్యగారు" అంటూనే ఉంటుంది, వాళ్ళమ్మ ఉడుక్కునేంతగా.

"నేను తీసేస్తాలే నాన్నా" అన్నాడు కృష్ణబాబు. "ఇప్పుడే పీకేసి అట్టపెట్టెలో పెట్టేస్తాను. గొడవ వదిలిపోద్ది."

దుర్గ మొగుడి వంక చూసింది. మంచినీళ్ళ గ్లాసు తీసి పక్కన పెట్టడానికి నాలుగుసార్లు చెప్పించుకునే మనిషి. ఇవాళ ఇంత చురుకేంటో ఆమెకి అర్థం కాలేదు.

*

అంతలో నెహెమ్యా వచ్చాడు. పక్క చెరువుకి కాపలా ఉండే మనిషి, పొద్దున ఫోను చేసింది కూడా అతనే. గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"సత్తియ్యగారండీ, గొయ్యి చాలట్లేదండి. ఇంకోటి తవ్వించమంటారా?"

"తవ్వించు."

"ఆయ్." వెళ్ళబోయి ఆగాడు. "ఏమీ అనుకోకపోతే ఒక మాటండి. పొద్దున్నే మీరు రాలేదేంటండీ? ఐదింటికే మీ గట్టంతా కొంగలు తెల్లగా పరుచుకున్నాయండి. ఇంత సందడవుతుంటే మీరు రాకుండా ఉంటారా అనుకుని నేను మా ఏరేటర్ల పనిలో పడిపోయానండి."

"కొంగలా?" అన్నాడు సత్తియ్య.

"వందలండి. చేప నోరు తెరిస్తే అవి ఊరుకుంటాయా?"

"ఐదున్నరకి నేను చూశాను. ఒక్కటే ఉంది. మోటారు షెడ్డు పక్కన ఒంటికాలి మీద నిలబడి ఉంది. నీళ్ళు నిశ్శబ్దంగా ఉన్నాయి."

"లేదండీ. ఐదున్నరకి నేను అక్కడే ఉన్నానండి. మీ షెడ్డు రేకుల మీద కూడా కొంగలేనండి."



సత్తియ్య చదివింది మూడో తరగతి. కొంగని మాత్రం పుస్తకంలా చదువుతాడు. గట్టు మీద కొంగలు గుంపు కట్టాయంటే చేప పైకొచ్చిందని గుర్తు. ఒక్క కొంగ కదలకుండా నిలబడిందంటే చేప ఇంకా అడుగునే ఉంది, అది ఓపిగ్గా కాచుకుంటోందని గుర్తు. ఆ లెక్క ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. పట్నపు మనిషైతే "ఏంటీ, బొమ్మ కదలట్లేదు" అని అనుమానపడేవాడు. సత్తియ్య ఎందుకు పడతాడు? కదలకుండా నిలబడడమే కొంగ పని. ఆయన ఆ కొంగని చూసి నిశ్చింతగా టీ తాగి, ఇంకో గంట నడుం వాల్చాడు.

"వరదానం ఉండుంటే కేకేసేవాడండీ" అన్నాడు నెహెమ్యా నసుగుతూ. వరదానం ఈ చెరువుకి తొమ్మిదేళ్ళు కాపలా కాసినవాడు. ఇంట్లోంచే చెరువు కనబడుతుంటే మనిషెందుకని రెండు నెలల కిందట మాన్పించింది సత్తియ్యే.

"నువ్వెళ్ళి గొయ్యి తవ్వించవయ్యా" అన్నాడు సత్తియ్య. గొంతులో జోరు లేదు.

నెహెమ్యా వెళ్ళాక ఆయన బకెట్టులో నీళ్ళు కాళ్ళ మీద కుమ్మరించుకున్నాడు. తుడుచుకోకుండానే ముందుగదిలోకి నడిచాడు. వెనకే దుర్గ పరిగెత్తింది, ఎందుకంటే కృష్ణబాబు అప్పటికే లోపల బల్ల కింద దూరి ఉన్నాడు.

*

"తీగ వదలండి" అంది దుర్గ.

"నాన్న తీసెయ్యమన్నాడు కదే."

"వదలండి ముందు. ఆ బొమ్మ నేను చూడాలి."

"చూసేదేముంది? చచ్చిన చేపలు లేచొస్తాయా?"

"వదలమన్నానా!"

ఆమె గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో అదే మొదలు. కృష్ణబాబు తీగ వదిలాడు. వదిలి, లేచి, గోడకి చేరబడి గోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టాడు.

తెర మీద చెరువు ఉంది. మసక వెలుతురు, మోటారు షెడ్డు, ఒంటికాలి మీద కొంగ. బయట తొమ్మిదిన్నర ఎండ మబ్బుల్లోంచి చురచురలాడుతోంది.

"ఇదేనండీ మీరు పొద్దున చూసింది?"

"ఇదే" అన్నాడు సత్తియ్య. ఆయన చెయ్యి దానంతటదే నోటి మీదికి పోయింది. "ఇంకా అక్కడే ఉందేంటమ్మా అది?"

దుర్గ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మౌస్ కదిపింది. కెమెరా బొమ్మ తెర నిండా పరుచుకుని ఉండడంతో దాని కింది అంచు కనబడకుండా పోయింది. దాన్ని చిన్నది చేసింది. మూలన సన్న అంకెలు బయటపడ్డాయి. నిన్నటి తారీఖు. సాయంత్రం ఐదూ యాభై రెండు. వాటి పక్కనే రెండు నిలువు గీతలు.

"ఇది నిన్న సాయంత్రపు బొమ్మండి మావయ్యగారూ. పాజ్ నొక్కి ఉంది. ఎవరో ఆపి, మళ్ళీ నడిపించడం మర్చిపోయారు. ముసురు కదండీ, సాయంత్రం వెలుగూ తెల్లారి వెలుగూ ఒకేలా ఉన్నాయి."

"మరి నీ తెర అన్నిసార్లు మారుద్దన్నావు?"

"మారుద్దండి. కానీ కెమెరా పంపిందే చూపిస్తుంది. ఆగిపోయిన బొమ్మ ఇస్తే దాన్నే సెకనుకి నూట అరవై అయిదుసార్లు చూపిస్తుందండి. తెర తప్పేం లేదు. ఆపిన మనిషిది తప్పు."

అనేసింది. అన్నాక కానీ ఆ మాట ఎటు పోతుందో ఆమెకి తట్టలేదు. ఈ ఇంట్లో ఆ మౌస్ పట్టుకోవడం వచ్చినవాళ్ళు ఇద్దరే. సత్తియ్యకి చూడడమే వచ్చు.

ఆయన నెమ్మదిగా కొడుకు వైపు తిరిగాడు.

"ఏరా?"

"నేనా? నాకేం తెలుసు?" కృష్ణబాబు గోళ్ళ మీంచి కళ్ళెత్తలేదు.

"నిన్న సాయంత్రం ఆటాడావా?"

"లేదు నాన్నా."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"ఊరికే ఒట్లేంటి? దుర్గే నొక్కుంటుంది. కెమెరా నడుస్తుంటే తన పనికి అడ్డమొస్తోందని అది రోజూ నా దగ్గర గొణుగుతానే ఉంటుంది. కావాలంటే అడుగు."

అడ్డమొస్తోందని అన్న మాట నిజమే. ఒకే ఒక్కసారి, అదీ నవ్వుతూ అంది. కెమెరా బొమ్మ వెనక నడుస్తుంటే ఆట తడబడుతోందని రోజూ విసుక్కునేది కృష్ణబాబే. ఆడేటప్పుడల్లా పాజ్ నొక్కేదీ అతనే. అసలు అబద్ధమే ఆడని మనిషని కాదు గానీ, తన తప్పు భార్య మెడకి చుట్టి ఆడతాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఏవండీ, నా మొహం చూసి చెప్పండి ఆ మాట."

కృష్ణబాబు చూడలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఎందుకు చూస్తాడు? పోయిన శ్రావణంలో మేత వెయ్యడం మానేసి ఆటలో కూర్చున్నప్పుడే సత్తియ్య తేల్చి చెప్పాడు. ఇంకొక్కసారి నీ ఆట వల్ల చెరువుకి చేటొస్తే నిన్ను చెరువు గట్టెక్కనివ్వను, పింకీ మొగుణ్ణి ఉంగుటూరు నుంచి రప్పించి చెరువు వాడి చేతిలో పెడతాను అని. పింకీ సత్తియ్య కూతురు. అల్లుడు పిలిస్తే రేపే దిగుతాడు. ఆ మాట ఇంట్లో అందరికీ గుర్తుంది. సత్తియ్య అన్నాడంటే చేస్తాడని కూడా అందరికీ తెలుసు.

"మావయ్యగారూ" అంది దుర్గ. "నిన్న ఐదూ యాభై రెండుకి నేను ఇంట్లో లేనండి. ఏలూరులో ఉన్నాను. అత్తయ్యగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను."

"అది విక్టోరియాతో వెళ్ళింది కదా?"

విక్టోరియా రెండిళ్ళవతల ఉంటుంది. గంగారత్నానికి ఎక్కడికెళ్ళినా తోడు ఆమే.

"ఆవిడకి చివర్లో కుదరలేదండి. నేను వెళ్ళాను. మీరు మేత కోసం ముదినేపల్లి వెళ్ళారు కదా, మేం ఎనిమిదింటికి వచ్చేశాం. మీరు వచ్చేసరికి వంట కూడా అయిపోయింది. నేనసలు నిన్న మధ్యాహ్నం నుంచి ఈ బల్ల దగ్గరికే రాలేదు. అత్తయ్యగారినే అడగండి."

సత్తియ్య మొహంలో మబ్బు కాస్త విడినట్టయింది. ఆయన చెడ్డవాడు కాదు. కోడలి మీద కోపం నిలబెట్టుకోవడం ఆయనకీ కష్టంగానే ఉంది. గుమ్మం వైపు తిరిగి కేకేశాడు.

"రత్నం! ఇలా రా ఒకసారి."

గంగారత్నం వచ్చింది. గోడ పట్టుకుని, నల్లద్దాలతో, తడుముకుంటూ వచ్చింది. అరుగు మీదికి ఇంట్లో మాటలన్నీ వినిపిస్తాయి. వచ్చి గుమ్మంలో ఆగింది.

"నిన్న ఏలూరు ఎవరితో వెళ్ళావు?"

దుర్గ ఇంక భయం లేదనుకుంది. నిన్న ఆసుపత్రిలో కంటి మందు వేశాక అత్తగారికి ఎదురుగా ఉన్న బస్సు కూడా కనబడలేదు. మెట్టు మెట్టుకీ చెయ్యి పట్టుకుని ఎక్కించింది. కైకలూరు దాటే దాకా ఆవిడ తల దుర్గ భుజం మీదే ఉంది. "నా కూతురు కూడా ఇంత చెయ్యదే" అని ఆవిడ అన్న మాట దుర్గ దారంతా మురిపెంగా దాచుకుంది.

గంగారత్నం నల్లద్దాలు కోడలి వైపు తిరిగాయి. తర్వాత కొడుకు వైపు తిరిగాయి. కృష్ణబాబు అప్పుడు తలెత్తాడు. ముప్పై ఏళ్ళవాడు, మీసం ఉన్నవాడు, పదేళ్ళప్పుడు గాజుబుడ్డి పగలగొట్టి తల్లి కొంగు వెనక దాక్కున్నప్పుడు చూసినట్టే చూశాడు.

"విక్టోరియాతోనేనండీ" అంది గంగారత్నం.



"అత్తయ్యగారూ?" అంది దుర్గ.

"అమ్మాయి ఇంట్లోనే ఉందండీ. పనుందని రానంది." ఒకసారి మొదలెట్టాక ఆవిడకి రెండో మాట తేలిగ్గానే వచ్చింది. "చిన్నపిల్ల. భయపడి ఏదో చెబుతోంది. మీరేమీ అనకండి దాన్ని."

ఆ జాలి దుర్గకి చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. తిట్టినా బాగుండేది. మీద పడి ఏడవాలనిపించింది, విక్టోరియా ఇంటికి పరిగెత్తి చెయ్యి పట్టి లాక్కురావాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. కన్నకొడుకుని కాసుకోవడానికి తల్లి ఏ అబద్ధమైనా ఆడుతుందని తెలియనంత పసిది కాదు. ఆ తల్లి తనకీ తల్లే అనుకోవడమే తన బుద్ధితక్కువ.

సత్తియ్య మొహం మళ్ళీ మూసుకుపోయింది.

"చేప పోతే ఇంకో పంటేస్తాం తల్లీ. అబద్ధం ఆడావు చూడు, అదీ బాధ." ఆయన కొడుకు వైపు చూడకుండానే చెప్పాడు. "తీసెయ్యరా. అట్టపెట్టెలో పెట్టి పింకీ వాళ్ళింటికి పంపించెయ్యి. ఈ కోడలికి ఇంక కంప్యూటరు పనుల్లేవు. వాళ్ళ కంపెనీకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పమను."

కృష్ణబాబు బల్ల కిందికి వంగాడు. స్విచ్ టక్కుమంది. తెర నల్లబడింది.

దుర్గ ఏడవలేదు. ఎందుకో కన్నీళ్ళు కూడా రాలేదు. అప్పుడే ఆమె ఫోనులో అలారం మోగింది. పది గంటలు. అలారం నిన్న ఆసుపత్రి మెట్లు దిగుతూ తనే పెట్టుకుంది.

అలవాటుగా ఆపింది. అలవాటుగానే ఫ్రిజ్ దగ్గరికి నడిచి రెండు చిన్న సీసాలు తీసింది. చేతులు సబ్బుతో కడుక్కుంది. వచ్చి అత్తగారి ముందు నిలబడింది.

"కుర్చీలో కూర్చోండి అత్తయ్యగారూ. చుక్కలు వెయ్యాలి."

"ఇప్పుడెందుకులేవే" అంది గంగారత్నం.

"పదింటికి తప్పకూడదన్నారు కదండీ. కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. దుర్గ నల్లద్దాలు తీసి పక్కన పెట్టింది. తల మెల్లగా వెనక్కి వంచి, కింది రెప్ప వేలితో లాగి, తెల్లమూత సీసాలోంచి ఒక చుక్క వేసింది. వేశాక ముక్కు పక్కన, కంటి మూలలో చూపుడు వేలితో నొక్కిపట్టుకుని పెదాల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"రెండోది అయిదు నిమిషాలాగి వెయ్యాలండి. ఈలోపు కన్ను తెరవకండి" అంది. చెయ్యి మెత్తగానే ఉంది. గొంతులో మాత్రం ఏమీ లేదు.

మూసిన రెప్పల కింద నుంచి మందూ కన్నీళ్ళూ కలిసి గంగారత్నం చెంప మీదికి జారుతున్నాయి. బల్ల కింద కృష్ణబాబు తీగలు చుడుతూ ఆగిపోయాడు.

సత్తియ్య గుమ్మం దాటబోతూ వెనక్కి చూశాడు. కోడలి వేలిని చూశాడు. పొద్దున టీ తాగుతూ మందుల సంగతి అడిగితే భార్య, "నాకేం అర్థం కాలేదండీ, డాక్టరుగారు ఏదేదో చెప్పారు, నా బుర్రకెక్కలేదు" అన్నది ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. రెండడుగులు లోపలికి వేశాడు.

"అమ్మాయ్" అన్నాడు.

"ఆఁ, మావయ్యగారూ."

"అక్కడ అలా నొక్కిపట్టాలని నీకెవరు చెప్పారు?"

దుర్గ వేలు తియ్యలేదు. అత్తగారి మొహంలోకే చూసింది. ఆమె వేలి కింద గంగారత్నం గట్టిగా, ఇంకా గట్టిగా కళ్ళు మూసుకుంది.